తనంతట తానే పడుకున్న ఎద్దు

"మేడమ్, ఇది చెల్లదండీ."

క్లాసంతా మౌనవ్రతం అని పిలిచే ఆ అబ్బాయి, ఎవరూ అడక్కుండా నోరు విప్పి అన్న మొట్టమొదటి మాట అదే. విప్పక విప్పక విప్పిన నోటితో, తన జంటగా పరీక్షకు దిగిన అమ్మాయి కొంప నిలువునా ముంచాడు.

అంతకు క్షణం ముందు వరకూ ఆమె గాల్లో తేలిపోతోంది. పశువైద్య కాలేజీ వెనక, ఇసుక పోసిన ప్రాక్టీసు మైదానంలో, కొండలాంటి ఎద్దు ఒకటి ఆమె తాడు లాగీ లాగకముందే మోకాళ్లు వంచి బుద్ధిగా పక్కకు ఒరిగింది. గట్టుమీద కూర్చున్న క్లాసంతా ఈలలు వేసింది. ఎవరినీ మెచ్చుకోని సర్జరీ మేడమ్ కూడా "శభాష్" అంది. ఇంకేం కావాలి?

సముద్రం అవతల, ఏడాదిలో సగం వానలే కురిసే వేడి దేశంలో, అడవి అంచున జంతువుల ఆసుపత్రి ఒకటుంది. పుస్తకాలు పక్కన పెట్టి చేత్తో పని నేర్చుకోవడానికి ఏటా కాలేజీ నుంచి కొందరు అక్కడికి వెళ్తారు. అక్కడ కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మత్తుమందు ప్రాణంలా దాచుకుని వాడతారు. అందుకని వాళ్లది ఒకటే షరతు. వచ్చేవాళ్లు జంటలుగా రావాలి, ఏ జంటయినా ఉత్త తాడుతో పెద్ద పశువును దెబ్బ తగలకుండా పడుకోబెట్టగలగాలి.

జంటలు కట్టింది మేడమే. స్నేహాలు చూసి కాదు, టేపు పెట్టి ఎత్తు కొలిచి. స్ట్రెచర్ మోసేటప్పుడు ఒకవైపు మెరక, ఒకవైపు పల్లం అయితే జంతువు జారి కింద పడుతుందట. ఆమె క్లాసులో అమ్మాయిలందరికన్నా పొడుగు, సగం మంది అబ్బాయిలకన్నా కూడా. ఆ పొడుగునూ ముక్కుమీది కోపాన్నీ కలిపి క్లాసు ఆమెకు నిప్పుకోడి అని పేరు పెట్టింది. నిప్పుకోడి భుజానికి భుజం సరిపోయినవాడు ఒక్కడే. అదీ ఆమె ఖర్మ.

"ఏమిటయ్యా చెల్లనిది?" అంది మేడమ్.

"ఇది మేం పడేస్తే పడలేదండీ. అలవాటై పడుకుంది. తాడు తగిలితే చాలు, పడుకుంటుంది. నిన్న నేను తడి తాడు ఆరేద్దామని దాని మీదుగా విసిరినా పడుకుంది."

ఆ ఎద్దును అందరూ తాతయ్య అంటారు. ఎన్ని బ్యాచ్‌లు ఆయన మీద పని నేర్చుకున్నాయో ఆయనకే తెలియదు. మేడమ్ గబగబా వచ్చి, ఆయన్ను అదిలించి లేపి, ముడీ గిడీ ఏమీ వేయకుండా తాడు ఊరికే వీపు మీద వేసింది. తాతయ్య ఒక నిట్టూర్పు విడిచి, పడుకుని, నెమరు మొదలుపెట్టాడు.

గట్టుమీద ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ మొహం కందగడ్డ అయింది.

"నవ్వండి, నవ్వండి! ఇన్నాళ్లూ మీరందరూ పాసైంది ఈయన దయ వల్లా? అందరికీ మళ్లీ పరీక్ష. వచ్చే వారం, కొత్తగా వచ్చిన కోడెతో. ఇదిగో, మీ జంట ఇప్పుడే ఒకసారి చేసి చూపించండి, సరదా తీరుతుంది."

సరదా బాగానే తీరింది. అతను కోడె తల దగ్గర నిలబడ్డాడు. ఆమె వెనక, తాడు కొసన. అతని పెదాలు ఏదో అంటున్నట్టు కదిలాయి. అప్పటికే కోపంతో ఊగిపోతున్న ఆమె బలమంతా పెట్టి లాగేసింది. కోడె నాలుగు కాళ్లూ నేలలో తన్నిపెట్టి నిలబడింది, తర్వాత ఒక్క దూకు దూకింది. తాడు వదిలెయ్యమని అందరూ అరుస్తున్నా ఆమె వదల్లేదు. మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బోర్లా ఇసుక దున్నుకుంటూ వెళ్లింది.

కుళాయి దగ్గర నోట్లో ఇసుక ఉమ్ముతూ ఉండగా అతను వచ్చి తువ్వాలు చాపాడు.

"అది అవతల పారెయ్! నీకేం ద్రోహం చేశాను నేను?"

"ద్రోహం కాదు..."

"మరేంటి? పరోపకారమా? ఆ ముక్కేదో ముందే నా చెవిన వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నిన్న చెబుదామనే వచ్చాను."

"వచ్చి?"

"నువ్వు కోపంగా ఉన్నావు."

"నేనెప్పుడు కోపంగా లేను?"

అతను నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు. అది చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తువ్వాలు లాక్కుని, మొహం తుడుచుకుని, దాన్ని అతని మొహానే కొట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి క్లాసులో ఇద్దరికీ మాట సాయం కూడా కరువైంది. క్యాంటీన్‌లో వాళ్లలో ఎవరు కూర్చున్నా పక్క బల్ల ఖాళీ. "వాడి సత్యసంధత వాడి దగ్గర పెట్టుకోక మన అందరి పీక కోశాడు" అని ఆమెకు వినపడేలా అనేవాళ్లు. చిత్రం ఏమిటంటే, అతన్ని తాను తిట్టుకుంటే బాగానే ఉంది గానీ, వేరేవాళ్లు తిడుతుంటే ఆమెకు ఒళ్లు మండేది. "మీరు మాత్రం పెద్ద వీరులా? తాతయ్యను పడుకోబెట్టిన మొహాలు!" అని వాళ్ల మీద ఎగిరిపడేది. ఎందుకు ఎగిరిపడిందో అర్థంకాక మళ్లీ తన మీద తనకే మంట.

అసలు ఆ అడవి ఆసుపత్రి క్యాంపు ఆమెకు సరదా ప్రయాణం కాదు. ఆవులకీ గేదెలకీ గుర్రాలకీ డాక్టరు కావాలని ఆమె పంతం. పశువుల పెద్దాసుపత్రిలో ఉద్యోగం అడగడానికి వెళ్తే, అక్కడి పెద్ద డాక్టరు ఆమెను పైనుంచి కిందికి చూసి, "కుక్కలూ పిల్లులూ చూసుకోమ్మా, హాయిగా ఏసీ గదిలో. పెద్ద పశువుల దగ్గర ఆడపిల్లలు నిలబడలేరు" అన్నాడు. ఆమె తగువేసుకుంటే విసుక్కుని, "సరే, ఆ అడవి క్యాంపు పూర్తి చేసిరా, అప్పుడు చూద్దాం" అని వదిలించుకున్నాడు. వదిలించుకోవడానికే అన్నా, మాట మాటే. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసింది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్లమ్మ టైలరు. గొంతు కుట్టుమిషన్‌కన్నా పెద్దది.

"అయిదు జేబుల ప్యాంట్లు కత్తిరించేశానే! మోకాలి దాకా జలగలు ఎక్కని మేజోళ్లు కుట్టేశాను! ఇప్పుడొచ్చి పాస్ కాలేదంటావా? ఆ మేజోళ్లు ఎవరేసుకుంటారే, నేనా?"

"నన్నంటావేమిటి? ఆ మొద్దుని అను!"

"ఎవడే ఆ మొద్దు? ఓసారి పట్టుకురా. వాడి బట్టలూ నేనే కుట్టాలన్నారుగా మీ మేడమ్."

ప్రయాణం ఉన్నా లేకపోయినా, రేబిస్ ఇంజెక్షన్లు మాత్రం టైముకు వేయించుకోవాల్సిందే. జంటలు జంటలుగా క్లినిక్‌కు పంపారు. గోడవారగా ఉన్న బెంచీ మీద ఆమె ఈ కొసన, అతను ఆ కొసన. మధ్యలో ఇంకో ముగ్గురు పడతారు.

నర్సు సిరంజి పట్టుకుని వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అన్నాచెల్లెళ్లా? అదే ఎత్తు, అదే మొహం మాడ్చుకోవడం..."

"కాదు!"

ఆ అరుపు ఆమెది కాదు. ట్రేలో సీసాలు గలగలమన్నాయి. అవతల తల్లి ఒళ్లో ఉన్న పసిపాప గుక్కపట్టింది. నర్సు రెండడుగులు వెనక్కి వేసింది. అరిచినవాడు చెవుల దాకా ఎర్రబడి నేల చూపులు చూస్తున్నాడు.

ఆమె గిరుక్కున అతని వైపు తిరిగింది. "గొంతు ఉందే నీకు!"

"ఉంది."

"మరి ఆ రోజు మైదానంలో అది ఏ గట్టు మీద మేస్తోంది?"

"ఆగమనే అన్నాను. కోడె కాలు మార్చేదాకా ఆగి, అప్పుడు లాగమని చెబుదామనుకున్నాను. కాలు తన్నిపెట్టినప్పుడు లాగితే పడదు. కాలు మార్చేటప్పుడే పడుతుంది. అది తల దగ్గరున్నవాడికే కనిపిస్తుంది."

"నువ్వు చెప్పేది నీకైనా వినపడుతుందా?"

"నువ్వు ఆగుతావా?"

ఇద్దరూ ఒకరినొకరు గుడ్లురిమి చూసుకున్నారు. ఆ సందులో నర్సు ఇద్దరికీ సూది దింపేసింది. ఎవరూ గమనించలేదు.

బయటికొచ్చాక మెట్ల మీద అతను ఆగాడు. "నీకు ముందు చెప్పకపోవడం నా తప్పే. ఇద్దరి పరీక్ష అది. నేనొక్కడినే తేల్చేయడం తప్పు."

తగువుకు తయారై వచ్చిన మనిషికి ఎదుటివాడు తప్పు ఒప్పేసుకుంటే ఇంకేం మిగులుతుంది? ఆమెకు ఒళ్లు మరింత మండింది.

"సాయంత్రం మైదానానికి రా. నువ్వు అరవడం నేర్చుకో, నేను ఆగడం నేర్చుకుంటాను. క్షమించానని మాత్రం అనుకోకు."

సాయంత్రాలు మైదానంలో ఒకటే రభస. తాడు ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస ఆమె పట్టుకుని దూరంగా నిలబడేది. అతను స్తంభం దగ్గర్నుంచి 'లాగు' అనాలి. అనేవాడు, రహస్యం చెప్పినట్టు.

"ఎవరికి చెబుతున్నావ్, చీమలకా? ఇంకా గట్టిగా!"

"లాగు!"

"అన్నం తినలేదా? ఇంకా!"

"లాగూ!"

పక్క పాకలో తాతయ్య ఆ తాడు వంక ఒకసారి చూసి, తన డ్యూటీ అనుకుని, పడుకునేవాడు. అది చూసి ఒకసారి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కూడా అతను ఆమెనే చూస్తున్నాడు. ఆమె గబుక్కున తాడు సర్దుకుంది. "చూపులు కోడె కాళ్ల మీద పెట్టు!" అని కసిరింది. సర్దిన తాడునే మళ్లీ సర్దింది.

కొలతలకని అతను ఇంటికి వచ్చిన రోజు ఆమె కావాలనే లోపలి గదిలో కూర్చుంది. తలుపు మాత్రం ఓరగా ఉంచింది.

"నువ్వేనా బాబూ, మా పిల్లకు ఇసుక తినిపించింది?" వాళ్లమ్మ నేరుగా అందుకుంది.

"అవును ఆంటీ."

"ఏం, నీకేం పోయేకాలం? నోరు మూసుకుని ఉంటే ఇద్దరూ హాయిగా వెళ్లేవారుగా!"

అతని గొంతు మెల్లగా, కానీ తడబడకుండా వచ్చింది. "తాడు కొసన తను ఉంటుంది ఆంటీ. అక్కడ తాతయ్యలాంటివి ఉండవు. ఏమీ రాకుండా వెళ్తే, పశువు తిరగబడితే ముందు తనకే తగులుతుంది. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకున్నాను."

గరగరలాడుతున్న కుట్టుమిషన్ ఠక్కున ఆగింది. వాళ్లమ్మ గొంతు తగ్గడం ఆమె పుట్టాక వినలేదు. "నీకు వేరే కొలత అక్కర్లేదు బాబూ. మా పిల్ల కొలతే నీకూ వేసేస్తాను. నడుము చూసుకుంటే చాలు" అంది.

లోపల ఆమె దిండును రెండు గుద్దులు గుద్దింది. కోప్పడటానికి ఒక్క కారణమైనా వెతుకుదామంటే దొరకడం లేదు. అంతకన్నా ఒళ్లు మండే సంగతి ఇంకోటి ఉంటుందా?

పరీక్ష రేపనగా ఆ కారణం దొరికింది. క్లాసులో గళ్లచొక్కాగాడు ఒకడున్నాడు, ఊళ్లో కబుర్లన్నీ వాడి దగ్గరే. వాడు వచ్చి చెవిలో ఊదాడు. "తెలుసా, మీవాడికి మేడమ్ వేరే జంట ఇస్తానంది. కోడెను ఆపగలిగే మంచి కండలున్న అబ్బాయిని. ఎత్తు కాస్త తేడా అయినా సర్దుకుంటానంది. మీవాడు వద్దన్నాడట. ఎందుకొచ్చిన గొడవ, హాయిగా పాసయ్యేవాడు!"

ఆమె తుఫానులా కుక్కల వార్డులో పడింది. అతను ఒక ముసలి కుక్క కాలికి కట్టు కడుతున్నాడు.

"నా మీద జాలా?"

"ఏంటి?"

"వేరే జంట ఇస్తానంటే వద్దన్నావట! పాపం నిప్పుకోడి, నేను వదిలేస్తే దీని గతేంటి అనుకున్నావా? నీ జాలి నాకు అక్కర్లేదు. చేతనైతే గెలుస్తాను, లేకపోతే ఓడతాను!"

"జాలి కాదు."

"మరేంటి?"

అతను కట్టు కొస ముడివేశాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ వేశాడు. కుక్క ఇద్దరినీ చూసి చెవులు ముడిచింది.

"నోరు తెరువు! నీ మౌనంతో నా ప్రాణం తీయకు!"

"రేపు చెబుతాను."

"రేపెందుకు? ఇప్పుడేం ముహూర్తం బాలేదా?"

"ఇవాళ చెబితే రేపు నువ్వు తాడు తొందరగా లాగేస్తావు. పరీక్ష కానీ."

ఆమె తలుపు వేసిన ధాటికి వార్డులో ఉన్న కుక్కలన్నీ మొరిగాయి.

మర్నాడు వాన. చినుకులు కాదు, కుండపోత. ఇసుక మైదానం బురద మడుగైంది. వాయిదా వేయమని కొందరు నసిగితే మేడమ్ ఊరుకోలేదు. "వెళ్లేదే వాన దేశానికి! అక్కడ కూడా గొడుగులు పట్టుకుని ఎండ కోసం చూస్తారా?"

గట్టుమీద క్లాసంతా గొడుగుల కింద. ఆ చివర్న, కుట్టిన బట్టల మూట ఒళ్లో పెట్టుకుని వాళ్లమ్మ. అప్పటికే రెండు జంటలు బురదలో దొర్లి వెళ్లిపోయాయి. మరొక్క జంట మాత్రం ఎలాగో గట్టెక్కింది.

అతను కోడె తల దగ్గరికి వెళ్లాడు. మెడకు వేసిన ముడి బిగుసుకోకుండా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. ఆమె తాడు చుట్లు కోడె ఛాతీ మీదుగా, నడుము మీదుగా వేసి, వెనక్కి నడిచి, కొస పట్టుకుని నిలబడింది. కళ్లలోకి వాన కొడుతోంది. కోడె వెనక భాగం తప్ప ఆమెకేమీ కనిపించడం లేదు.

కోడె తల విదిలించింది. తాడు అరచేతుల్లో జర్రున జారింది. లాగెయ్, లాగెయ్ అని ఆమె రక్తమంతా కేక పెట్టింది. పళ్లు బిగించి ఆగింది. కోడె పక్కకు తిరిగింది. గట్టుమీద నుంచి "లాగవే!" అని వాళ్లమ్మే అరిచింది. ఆమె ఆగింది. జన్మలో ఎవరి మాట కోసమూ అంతసేపు ఆగలేదు. చేతులు మండుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అతని నోట్లోంచి మాట రావడం లేదు. రాకపోతే చంపేస్తాను అనుకుంది. వస్తుంది అని కూడా అనుకుంది.

"లాగూ!"

వాన హోరును చీల్చుకుంటూ వచ్చింది ఆ కేక. ఆమె ఒళ్లంతా తాడు మీద వేసి వెనక్కి వాలింది. కోడె నడుము వంగింది, మోకాళ్లు ముడుచుకున్నాయి, బురద చిందిస్తూ పక్కకు ఒరిగింది. అతను దాని మెడ మీద మోకాలు ఆనించి తల అదిమి పట్టుకున్నాడు. ఆమె పరుగున వచ్చి కాళ్లు కట్టేసింది.

గట్టుమీద గోల. మేడమ్ గొడుగు అవతల పారేసి దగ్గరికొచ్చి, తాళ్లు చూసి, కోడె ఊపిరి చూసి, "పాస్" అంది. "ఇద్దరూ వెళ్తున్నారు. ఇక దాన్ని జాగ్రత్తగా లేపండి. గుర్తుందిగా, కట్లు విప్పి, అమ్మాయి 'వదులు' అన్నాక, ఇద్దరూ ఒకేసారి వదిలి చెరో వైపు దూకాలి."

ఆమె కట్లు విప్పింది గానీ ఆ మాట అనలేదు. తాడు పట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. బురద కారుతున్న ఆ మొహాన్ని చూస్తుంటే ఏడుపూ నవ్వూ కోపమూ అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"రేపు చెబుతానన్నావు. రేపు వచ్చింది. చెప్పు."

"ఇప్పుడా? ఎద్దు మీదా?"

"ఇప్పుడే."

అతను ఏదో గొణిగాడు.

"వినపడలేదు!"

"నువ్వంటే నాకు ఇష్టం!" అతను అరిచాడు. "చేరిన రోజు నుంచీ! వేరే ఎవరి పక్కనా నిలబడను, అడవిలోనూ నిలబడను, ఎక్కడా నిలబడను!"

"అది చెప్పడానికి ఇన్నేళ్లా!" ఆమె కూడా అరిచింది. "ప్రతి గ్రూపు ఫోటోలో ముందు కుర్చీలు ఖాళీ ఉన్నా వదిలేసి వెనక వరసకొచ్చి నీ పక్కన నిలబడ్డాను. ఒక్కసారైనా ఎందుకని అడిగావా?"

"పొడుగుకని అనుకున్నాను."

"పొడుగుకట! నీలాంటి మొద్దును నేను పుట్టాక చూడలేదు. నాకూ ఇష్టమే, చచ్చినట్టు ఇష్టం!"

"ఒసేయ్, దాన్ని వదలండే ముందు!" గట్టుమీద నుంచి వాళ్లమ్మ.

"వదులు!" అంది ఆమె.

ఇద్దరూ ఒకేసారి వదిలారు. కోడె బుసకొడుతూ లేచింది. ఇద్దరూ దూకారు. తీరా చూస్తే ఇద్దరూ ఒక్క వైపుకే దూకి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వెనక కోడె తరుముతుంటే బురదలో పడుతూ లేస్తూ కంచె దాటేశారు.

"చెరో వైపు అన్నాను కదూ! చెరో వైపు!" మేడమ్ వానలో గొంతు చించుకుంది.

వాళ్లమ్మ మూట తడవకుండా కొంగు కప్పుకుంటూ, "ఇంకెక్కడి చెరో వైపు మేడమ్" అంది.